రాక్షసగణం ఎవరి సృష్టి?

గణాలనేవి మన ప్రాచీనుల మనస్తత్వశాస్త్రమని ఈమధ్య ఒక వాదం బయలుదేరింది. పంచాంగం చూసే అయ్యవారు ఈ మాట అనడు. ఆయనకు మనస్తత్వశాస్త్రంతో పనిలేదు. చక్రంలో వేలు పెట్టి చూసి, కుదిరిందనో కుదరలేదనో చెప్పి, దక్షిణ తీసుకొని పోతాడు. ఈ వాదం చేసేవాళ్ళు చదువుకున్నవాళ్ళు, కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్ళు. నాకు తెలిసిన అధ్యాపకుడొకాయన, సంస్కృతాంధ్రాలు రెండూ బాగా చదివినవాడే, విద్యార్థుల సభలో అరగంటసేపు ఈ విషయం మీదనే ఉపన్యసించాడు. ఆయన చెప్పినదాని సారాంశం ఇది: పాశ్చాత్యులు నిన్నమొన్న మనుషుల స్వభావాన్ని పదహారు రకాలుగా విభజించి అదొక ఘనకార్యమనుకుంటున్నారు; మన ఋషులు వేదకాలంలోనే మానవజాతినంతా దేవ, మనుష్య, రాక్షస గణాలుగా విభజించి, ఏ స్వభావంతో ఏ స్వభావం పొసగుతుందో తేల్చి, వివాహవ్యవస్థకు పునాది వేశారు; దీన్ని మూఢనమ్మకమనడం మన అజ్ఞానం.

చప్పట్లు బాగా మోగాయి. వెనకవరుసలో కూర్చున్న మన అభ్యుదయ మిత్రులు నవ్వుకున్నారు. నాకు ఆ చప్పట్లకంటె ఈ నవ్వే ఎక్కువ అసంతృప్తి కలిగించింది. "ఇది మూఢనమ్మకం" అన్న ఒక్క మాటతో మనం పని ముగిస్తాం. "ఇది వేదం" అన్న ఒక్క మాటతో వాళ్ళు పని ముగిస్తారు. రెంటిలో దేనికీ రుజువు చూపకపోతే వినేవాడు తన తాతలు నమ్మినదాన్నే నమ్ముతాడు; అందులో అతని తప్పేమీ లేదు. కనుక నవ్వడం మాని నేనొక ప్రశ్న వేయదలచుకున్నాను. పుట్టిన ప్రతి బిడ్డ జాతకాన్నీ అడిగే ఈ పద్ధతికి జాతకముందా? ఇది ఎప్పుడు పుట్టింది? ఎక్కడ పుట్టింది? దీని తల్లిదండ్రులెవరు?

ముందుగా పద్ధతి ఏమిటో చూద్దాం. నక్షత్రాలు 27. వాటిని మూడు తొమ్మిదులు చేశారు. అశ్విని, మృగశిర, పునర్వసు, పుష్యమి, హస్త, స్వాతి, అనూరాధ, శ్రవణం, రేవతి దేవగణం. భరణి, రోహిణి, ఆర్ద్ర, పుబ్బ, ఉత్తర, పూర్వాషాఢ, ఉత్తరాషాఢ, పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర మనుష్యగణం. మిగిలిన కృత్తిక, ఆశ్లేష, మఖ, చిత్త, విశాఖ, జ్యేష్ఠ, మూల, ధనిష్ఠ, శతభిషం రాక్షసగణం. (ఈ వ్యాసకర్తది కృత్తిక. పాఠకులు తగిన జాగ్రత్తతో చదవవలసింది.) దేవగణంవాడు సౌమ్యుడు, దాత, మనుష్యగణంవాడు మంచీ చెడూ కలిసినవాడు, రాక్షసగణంవాడు కఠినుడు, కలహప్రియుడు. పెళ్ళి పొంతన చూసేటప్పుడు 36 గుణాలలో గణానికి 6 గుణాలు. వరుడు రాక్షసగణమైతే కొన్ని పుస్తకాలు ఏదో ఒకవిధంగా సర్దుకుంటాయి. వధువు రాక్షసగణమై వరుడు మనుష్యుడైతే మాత్రం సర్దుబాటు ఉండదు.

వేదమన్నారు గనుక వేదమే చూద్దాం. తెలుగుదేశపు వైదికులలో ఎక్కువమంది కృష్ణయజుర్వేదులు, తైత్తిరీయశాఖవాళ్ళు. వాళ్ళు వల్లించే తైత్తిరీయ బ్రాహ్మణంలోనే, మొదటి కాండలో, నక్షత్రాల విభజన ఒకటి ఉంది. అందులో గణాలు మూడు కావు, జట్లు రెండు. కృత్తికలు మొదలుకొని విశాఖ వరకు దేవనక్షత్రాలు. అనూరాధ మొదలుకొని భరణి వరకు యమనక్షత్రాలు. రాక్షసనక్షత్రమన్న జట్టే అక్కడ లేదు.

ఇప్పుడు ఈ రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టండి. పంచాంగం రాక్షసగణంలో వేసిన తొమ్మిది నక్షత్రాలలో కృత్తిక, ఆశ్లేష, మఖ, చిత్త, విశాఖ అనే అయిదూ వేదంలో దేవనక్షత్రాలు. అంతేకాదు, కృత్తిక ఆ దేవనక్షత్రాల వరుసలో మొట్టమొదటిది. అటువైపు పంచాంగం దేవగణమన్న తొమ్మిదింటిలో అనూరాధ, శ్రవణం, రేవతి, అశ్విని అనే నాలుగు వేదంలో యముడి వంతుకు పోయాయి. పంచాంగం దేవగణంలో వేదం దేవపక్షంలో పెట్టినవి అయిదు. పంచాంగం రాక్షసగణంలో వేదం దేవపక్షంలో పెట్టినవి కూడా అయిదే. వేదాన్ని చూసి గణాలు ఏర్పరచినవాడెవడూ ఇటువంటి పట్టిక తయారుచేయడు. వేదం చూడనివాడు చేస్తాడు. లేక, చూసి పక్కన పెట్టినవాడు చేస్తాడు.

నక్షత్రాధిదేవతలను చూస్తే సంగతి మరీ విచిత్రంగా ఉంటుంది. కృత్తికకు అధిదేవత అగ్ని. జ్యేష్ఠకు ఇంద్రుడు. విశాఖకు ఇంద్రాగ్నులిద్దరూ. శతభిషానికి వరుణుడు. ధనిష్ఠకు వసువులు. మఖకు పితృదేవతలు. చిత్తకు త్వష్ట. వేదంలో రాక్షసులను చంపేవాడు ఇంద్రుడు, రాక్షసులను కాల్చేవాడు అగ్ని. ఆ ఇద్దరి నక్షత్రాలూ రాక్షసగణంలో ఉన్నాయి! యముడి నక్షత్రమైన భరణి మాత్రం మనుష్యగణం. తొమ్మిదింటిలో నిరృతి అధిదేవతగా ఉన్న మూలకొక్కదానికి, సర్పాల ఆశ్లేషకు ఇంకొకదానికి, ఈ పేరు ఏదో కొంత అతుకుతుందనుకుందాం. తక్కిన ఏడింటి సంగతేమిటి? వేదాన్ని నెత్తిన పెట్టుకున్నవాళ్ళు జవాబు చెప్పవలసిన ప్రశ్న ఇది, మనం కాదు.

వేదం కాకపోతే సూత్రాలంటారు. మంచిది. వివాహవిధికి ప్రమాణం గృహ్యసూత్రాలు గదా. ఆపస్తంబుడు పిల్లను ఎంచే పద్ధతి వివరంగానే చెప్పాడు. ఏ నక్షత్రంలో పెళ్ళి జరిపితే మంచిదో కూడా చెప్పాడు. కాని వరుడి జన్మనక్షత్రాన్నీ వధువు జన్మనక్షత్రాన్నీ ఎదురెదురుగా పెట్టి గుణాలు లెక్కించమని చెప్పలేదు. స్వభావం తెలుసుకొనేందుకు ఆయన చెప్పిన ఉపాయం వేరు. విత్తనాలు, వేదికమట్టి, పొలంమట్టి, పేడ, శ్మశానపుమట్టి ముద్దలుగా చేసి పిల్లముందు పెడతారు. ఆమె దేన్ని తాకితే దాన్నిబట్టి భవిష్యత్తు. ఇదీ మౌఢ్యమే, కాదనను. అయితే ఈ మౌఢ్యంలో పిల్ల చేయి ఆడటానికి చోటుంది. పుట్టిన గడియలోనే ముద్రపడి ఉండదు. పైగా కొందరి మతమంటూ ఆపస్తంబుడు ఇంకొక మాట కూడా చేర్చాడు: ఎవరిమీద మనసూ చూపూ నిలుస్తాయో ఆమెతోనే సమృద్ధి, తక్కినవేవీ లెక్కచేయనక్కరలేదని. ఆపస్తంబసూత్రులమని చెప్పుకొనే ఇళ్ళల్లో ఈ సూత్రం ఎప్పుడైనా వినబడిందా? అదే ఆపస్తంబుడు నక్షత్రాల పేర్లున్న పిల్లలను చేసుకోవద్దని కూడా అన్నాడు. మన రోహిణులూ రేవతులూ అనూరాధలూ స్వాతులూ ఏం కావాలి? ఆ నిషేధాన్ని అందరూ హాయిగా మరచిపోయారు. మరచిపోవడం మంచిదే. కాని తనకు అక్కరలేని సూత్రాన్ని మరచిపోగలిగినవాడు, అక్కరకు వచ్చిన చక్రాన్ని మాత్రం అనాదిసంప్రదాయమంటే మనం వినవలసిన పనిలేదు.

ఇక జాతకచక్రం సంగతి. లగ్నంనుంచి ఏడో ఇల్లు కళత్రస్థానం. పెళ్ళి విషయం అక్కడే చూస్తారు. ఆ ఇంటికి సంస్కృతంలో జామిత్రమని పేరు. కుమారసంభవం ఏడో సర్గ మొదట్లోనే, పార్వతి పెళ్ళి సందర్భంలో, కాళిదాసు ఈ మాట వాడాడు. ఈ మాటకు సంస్కృతధాతువు వెతకబోయి అలసిపోవద్దు. గ్రీకులు వ్యాసమనే అర్థంలో వాడే 'డయామెట్రోస్' ఇది. హోర, కేంద్రం, ద్రేక్కాణం, పణఫరం, ఆపోక్లిమం, లిప్త అన్నీ అలా వచ్చినవే. వరాహమిహిరుడు ఈ సంగతి దాచలేదు. యవనులు మ్లేచ్ఛులైనా ఈ శాస్త్రం వాళ్ళ దగ్గర చక్కగా నెలకొన్నది గనుక ఋషులవలె పూజ్యులేనన్న మాట బృహత్సంహితలో ఉంది. ఆరో శతాబ్దపు పండితుడికున్న నిజాయితీ ఇరవయ్యొకటో శతాబ్దపు ఉపన్యాసకుడికి లేకపోయింది.

అరువు తెచ్చుకోవడం తప్పని నేననడం లేదు. మిరపకాయ పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చింది. అది లేకుండా రాయలసీమలో సంగటి ముద్ద దిగదు. కాని మిరపకాయ వేదంలో ఉన్నదని ఎవరూ అనరు. దాన్ని నమ్మనివాడు అజ్ఞాని అనీ అనరు.

వరాహమిహిరుడి పేరు వచ్చింది గనుక ఇంకొక విషయం. ఏ నక్షత్రంలో పుట్టినవాడి శీలం ఎట్లా ఉంటుందో ఆయన బృహజ్జాతకంలో ఒక అధ్యాయమే రాశాడు. అంటే స్వభావవిభజనకు మనకు కాలం తెలిసిన పాతసాక్ష్యం ఇది. గణాల పట్టికను దానితో పోల్చి చూడండి. మూలానక్షత్రంవాడు అభిమానవంతుడు, ధనవంతుడు, సుఖి, స్థిరచిత్తుడు, భోగి అన్నాడు వరాహమిహిరుడు. ఆ వరుసలోనే స్పష్టంగా అన్నాడు, హింసించేవాడు కాడని. మఖవాడికి దేవతలమీదా పితృదేవతలమీదా భక్తి అన్నాడు. ఈ ఇద్దరినీ పంచాంగం రాక్షసగణంలోకి తోసింది. మరి దేవగణంలో కూర్చున్న హస్తవాడి సంగతేమిటి? ఉత్సాహవంతుడే గాని సిగ్గులేనివాడు, తాగుబోతు, దయలేనివాడు, దొంగ! నేను వరాహమిహిరుణ్ణి నమ్మమని చెప్పడం లేదు. హస్తానక్షత్ర మిత్రులు నామీద అలగవద్దు. నేను చెప్పేదల్లా, ఈ రెండు పుస్తకాలూ ఒకే సత్యాన్ని చూసి రాసినవైతే ఒకటి రాక్షసుడన్నవాణ్ణి రెండోది సాధువనదు. రెండూ కూడబలుక్కోని ఊహలు.

ఇప్పుడు మనకు తెలిసిన ఎనిమిది కూటాల పొంతన ముహూర్తచింతామణిలో పూర్తిగా కనబడుతుంది. రామదైవజ్ఞుడు దాన్ని కాశీలో 1600లో రాశాడు. మనదేశంలో మొగలాయీల పాలన సాగుతున్న కాలం. విజయనగర రాజులు పెనుగొండ విడిచి చంద్రగిరికి చేరుకొన్న కాలం. వర్ణానికి 1, వశ్యానికి 2, తారకు 3, యోనికి 4, గ్రహమైత్రికి 5, గణానికి 6, రాశికి 7, నాడికి 8. కూడితే 36. సగానికి పైబడితే పెళ్ళి. ఈ అంకెలను ఒకసారి తేరిపార చూడండి. వేలమంది దంపతుల కాపురాలు పరిశీలించి తేల్చిన లెక్కకు ఒకటి, రెండు, మూడు, నాలుగు అంటూ ఇంత నున్నగా అంకెలు వస్తాయా? ఇది కాపురాలను చూసినవాడి లెక్క కాదు. అంకెల అందం చూసినవాడి లెక్క. వర్ణకూటం ఇంకొక తమాషా. కర్కాటక, వృశ్చిక, మీనరాశులు బ్రాహ్మణులు. మిథున, తుల, కుంభరాశులు శూద్రులు. భూమిమీద మనుషులను పంచింది చాలక ఆకాశాన్ని కూడా కులాలుగా పంచుకొన్న సమాజం, స్వభావాలను నిష్పక్షపాతంగా పంచివుంటుందని నమ్మడం కష్టం.

ఇక పాశ్చాత్యుల పదహారు రకాల మాట. మా ఉపన్యాసకుడు వాళ్ళను తక్కువచేసి మనల్ని ఎక్కువచేశాడు గాని, నిజానికి ఆ ఇంటి కథా ఈ ఇంటి కథా ఒకటే. యూంగ్ 1921లో స్వభావభేదాల మీద ఒక గ్రంథం రాశాడు. అమెరికాలో కేథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ బ్రిగ్స్ మైయర్స్ దాన్ని చదివి, రెండో ప్రపంచయుద్ధకాలంలో ప్రశ్నపత్రంగా మలిచారు. తల్లీకూతుళ్ళిద్దరిలో ఎవరికీ మనస్తత్వశాస్త్రంలో శిక్షణ లేదు. ఇప్పుడు మన తిరుపతి, చిత్తూరు ప్రాంతపు ఇంజనీరింగు కాలేజీల్లో ఉద్యోగశిక్షణ పేరుతో అదే ప్రశ్నపత్రాన్ని పంచి పిల్లల నెత్తిన నాలుగు అక్షరాలు అంటిస్తున్నారు.

దానికంటె రుచికరమైనది ఎనియాగ్రామ్ కథ. తొమ్మిది కోణాల బొమ్మ, తొమ్మిది రకాల మనుషులు. ఇది బాబిలోనుదని కొందరు, సూఫీల రహస్యవిద్య అని కొందరు ప్రచారం చేశారు. బొమ్మను గుర్జియెఫ్ వాడాడు గాని, అందులో మనుషుల రకాలు లేవు. ఆ రకాలను అందులో కూర్చినవాడు బొలీవియాలో పుట్టిన ఆస్కార్ ఇచాసో. చిలీ దేశంలోని అరీకాలో ఆయన దగ్గర నేర్చుకొన్న క్లాడియో నరాంహో 1970 తర్వాత దాన్ని కాలిఫోర్నియాకు తెచ్చాడు. 1988లో హెలెన్ పామర్ అనే ఆమె ఈ విషయం మీద పుస్తకం అచ్చువేస్తే, ఇచాసో సంస్థ తన సొత్తు దొంగిలించారని కోర్టుకు పోయింది. 1992లో అమెరికా అప్పీలు కోర్టు ఇచ్చిన తీర్పు మన పండితులు చదవదగ్గది. ఇవి నేను కల్పించినవి కావు, మానవస్వభావంలో ఉన్న సత్యాలను కనుగొన్నానని మీరే అన్నారు. కనుగొన్న సత్యం మీద ఎవరికీ హక్కు ఉండదు, కనుక హక్కు లేదు పొమ్మన్నది కోర్టు. గిరాకీ కావలసినప్పుడు "ఇది అనాదిసత్యం" అనాలి. డబ్బు రావలసినప్పుడు "ఇది నా సొంతం" అనాలి. రెండూ ఒకే నోట అన్నందుకు దొరికిపోయాడు. మన గణాలకు సొంతదారుడే లేడు గనుక ఆ చిక్కు రాలేదు. అనాది అన్న ఒక్క మాటతోనే నాలుగు వందల ఏళ్ళు నడిచిపోయింది.

ఈ అనాదిసత్యం మన చిత్తూరు సరిహద్దుదాకా వచ్చి ఏమవుతుందో చూద్దాం. 1960 ఏప్రిల్ 1న పటాస్కర్ నిర్ణయం ప్రకారం తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. నగరి, పుత్తూరు, చిత్తూరువైపు ఎన్నో కుటుంబాలకు అటువైపు వియ్యాలున్నాయి. ఇటువైపు అయ్యవారు 36 గుణాలు లెక్కపెడతాడు. అటువైపు జోస్యుడు పది పొరుత్తాలు చూస్తాడు. ఇక్కడ అన్నిటికంటె బరువైనది నాడి. ఆ పదింటిలో నాడి లేదు, ముఖ్యమైనది రజ్జువు. పిల్లది రోహిణి, పిల్లవాడిది హస్త అనుకోండి. మన లెక్కలో నాడులు వేరు. ఎనిమిదికి ఎనిమిదీ వస్తాయి. తమిళ లెక్కలో ఇద్దరిదీ కంఠరజ్జువు, ఆయుస్సుకే మోసమంటారు. అదే పిల్లది ఉత్తరాషాఢ, పిల్లవాడిది శ్రవణం అయితే తలకిందులు. రజ్జువులు వేరు గనుక తమిళ జోస్యుడికి పేచీ లేదు. ఇద్దరిదీ అంత్యనాడి గనుక మన అయ్యవారు సున్న వేస్తాడు. ఉత్తరాషాఢ, శ్రవణం ఎక్కడో విన్నట్టుందా? తిరుచానూరు సంప్రదాయంలో పద్మావతీదేవి అవతారనక్షత్రం ఉత్తరాషాఢ. తిరుమల వేంకటేశ్వరునిది శ్రవణం. ఏటేటా వేలాది జంటలు ఏ కొండమీదికి వచ్చి మూడుముళ్ళు వేసుకొంటున్నాయో, ఆ కొండదేవుడి దాంపత్యానికే మన పంచాంగంలో నాడీదోషం!

పోనీ, నక్షత్రమైనా నిలకడగా ఉంటుందా? ఉండదు. అయనాంశ ఎంత అన్నదాన్నిబట్టి మారుతుంది. 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఒక అయనాంశను స్థిరపరచింది. బెంగుళూరు జ్యోతిష్కుడు బి.వి. రామన్ మరొకటి వాడాడు. తేడా దాదాపు ఒకటిన్నర డిగ్రీ. నక్షత్రం నిడివి 13 డిగ్రీల 20 నిమిషాలు. అంటే ఈ లెక్క వదిలి ఆ లెక్క పట్టుకొంటే సుమారు తొమ్మిదిమందిలో ఒకరి నక్షత్రం మారిపోతుంది. బెంగుళూరు బస్సెక్కి, పలమనేరు దాటేలోగా రాక్షసుడు మనుష్యుడు కావచ్చు!

ఇంత నిలకడలేని పద్ధతి ఇన్నాళ్ళు ఎందుకు నిలిచిందన్నది అసలు ప్రశ్న. నిజం కాకపోయినా ఎవరికో ఉపయోగపడుతున్నది గనుక నిలిచింది. ఎవరికి? మూలలో పుట్టిన పిల్ల మామగారికి గండమంటారు. ఆశ్లేష పిల్ల అత్తగారికి. జ్యేష్ఠ పిల్ల బావగారికి. విశాఖ పిల్ల మరిదికి. ఈ నాలుగు నక్షత్రాలూ రాక్షసగణంలోనివే. మూలలో పుట్టిన మగవాడు రాజ్యమేలుతాడనీ, ఆడదైతే ఇల్లు నిర్మూలమనీ అరవదేశపు సామెతను చిత్తూరులో తెలుగువాళ్ళు కూడా అరవంలోనే చెప్పుకొంటారు. గండమున్నవాళ్ళందరూ ఎవరో గమనించారా? ఉమ్మడి ఆస్తిలో వాటాగలవాళ్ళూ, ఇంటిపెత్తనం చేతిలో ఉన్నవాళ్ళూ. కొత్తగా వచ్చే కోడలంటే ఆ ఇంటికున్న భయమే నక్షత్రం రూపం ధరించింది. ఆకాశంలోని చుక్కలకు భూస్వామ్యకుటుంబపు వాటాల లెక్క ఎట్లా తెలిసిందో ఉపన్యాసకుడు చెప్పలేదు.

అంకెలు కూడా చూడండి. మూలానక్షత్రం పిల్లకు రాక్షసగణం వరుడే కావాలి. 27 నక్షత్రాలలో 18 పోయాయి. మిగిలిన తొమ్మిదింటిలో ఆమెతోబాటు ఆదినాడిలో ఉన్న మూల, జ్యేష్ఠ, శతభిషం పోతే ఆరు. కులం, శాఖ, గోత్రం, చదువు, ఉద్యోగం అన్న జల్లెళ్ళు దాటి వచ్చేవాళ్ళే ఏ పదిమందో. వాళ్ళల్లో ఈ ఆరు నక్షత్రాలవాళ్ళు ఎందరుంటారు? సరుకుకు గిరాకీ తగ్గించితే ధర దిగుతుందని సంతలో దూడల బేరగాడికి కూడా తెలుసు. ఇక్కడ ధర దిగడమంటే కట్నం పెరగడం.

ఇది ఊహ కాదు. నా దగ్గర ఎం.ఏ. చదివిన ఒక అమ్మాయి, చిత్తూరు దగ్గర పల్లెటూరి రైతుబిడ్డ, నక్షత్రం మూల. సంబంధం కుదిరింది, మాటలు అయిపోయాయి. అప్పుడు వేలూరువైపునుంచి పెళ్ళికొడుకు మేనమామ వచ్చి, గణం కుదరలేదు, మామకు గండమన్నాడు. పదిరోజులు కబురు లేదు. పదకొండోరోజు కబురు వచ్చింది: ఇంకో మూడు లక్షలూ, పెళ్ళికొడుక్కు ఒక కారూ అయితే, శాంతి చేయించుకొని ముందుకు పోవచ్చునట. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చిందని నేను ఆ తండ్రికి చెప్పాను. ఆయన దానికి జవాబు చెప్పలేదు. "ఏం సార్, మా పాప రాచ్చసా? చీమను గూడా తొక్కని పిల్ల గదా" అన్నాడు. అయిదో శతాబ్దమో ఆరో శతాబ్దమో, వరాహమిహిరుడు మూలవాళ్ళ గురించి అన్నది సరిగ్గా ఇదేనని నేను ఆయనకు చెప్పలేకపోయాను. చెప్పినా ఆ మేనమామ ముందర అది పనికిరాదు. మూడు లక్షలతో తీరిపోయే గండం గండమెట్లా అవుతుందని అడిగింది ఆ అమ్మాయే. పెళ్ళి ఆగిపోయింది. దోషనివారణకు టికెట్లు కొనే క్యూలో ఆ తండ్రిలాంటివాళ్ళు ఎందరున్నారో శ్రీకాళహస్తి బస్టాండులో ఒక పూట నిలబడితే తెలుస్తుంది.

శాస్త్రమే గదా, పరీక్షించవచ్చును గదా అంటారు కొందరు మధ్యస్థులు. పరీక్షించారు. 2008లో జయంత్ నార్లీకర్ మహారాష్ట్రలో చురుకైన పిల్లల జాతకాలూ, బుద్ధిమాంద్యమున్న పిల్లల జాతకాలూ కలిపి జ్యోతిష్కులకు పంపాడు. జవాబులు పంపినవాళ్ళు 27 మంది (అంకె కాకతాళీయమే). సరిగా చెప్పినవి సుమారు 46 శాతం. బొమ్మాబొరుసూ వేసినా అంతకంటె మెరుగు. బ్రిటనులో డేవిడ్ వోస్ 2001 జనాభా లెక్కలనుంచి రెండు కోట్లమంది దంపతుల పుట్టినరోజులు తీసుకొని, రాశులకూ పెళ్ళిళ్ళకూ ఏ సంబంధమూ లేదని 2007లో తేల్చాడు. అవి వాళ్ళ సూర్యరాశులు, మన నక్షత్రాలు వేరంటారు. వేరే, అయితే మీ నక్షత్రాలకు అటువంటి పరీక్ష ఒక్కటైనా మీరెందుకు పెట్టలేదు?

పరీక్షకు బదులు పీఠాలు పెట్టారు. 2001లో విశ్వవిద్యాలయాలలో జ్యోతిర్విజ్ఞానశాఖలు తెరవాలని యు.జి.సి. తలపెట్టింది. హైదరాబాదులో సి.సి.ఎం.బి.ని నెలకొల్పిన పుష్పమిత్ర భార్గవ దానిమీద కోర్టుకు పోయాడు. ఇది విద్యావిషయం, మేం జోక్యం చేసుకోమని 2004లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. విద్యావిషయమని కోర్టే అన్నది గనుక, విద్యావిషయంగానే అడుగుదాం. మన తిరుపతిలో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ జ్యోతిషశాఖ ఉంది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ప్రాచ్యపరిశోధన సంస్థ ఉంది, తాళపత్రాలున్నాయి. గణాలు వేదకాలంనాటివని సభల్లో చెప్పే పెద్దలు ఆ తాళపత్రాల ముందర ఒక ఏడాది కూర్చోవాలి. నక్షత్రాలను దేవ, మనుష్య, రాక్షస గణాలుగా పంచిన మొదటి శ్లోకం ఏ గ్రంథంలో ఉందో, ఆ గ్రంథం ఏ శతాబ్దానిదో, పంచినవాడు దేన్ని చూసి పంచాడో రాసి ఇవ్వాలి. కృత్తిక దేవనక్షత్రాల మొదటి స్థానంనుంచి రాక్షసగణంలోకి ఎప్పుడు దిగజారిందో కూడా రాయాలి. వ్యాసం ఎంత పొడుగైనా సరే, ఈ పత్రికలోనే అచ్చువేయమని సంపాదకులను నేను అడుగుతాను.